జకాత్, సి.ఎస్.ఆర్.: ఒక బాకీతో రెండో బాకీ తీరదు

వ్యాపారం చేసే సోదరుల నుండి, కంపెనీల్లో ఉద్యోగాలు చేసే యువకుల నుండి ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతోంది. "మా కంపెనీ ప్రతి ఏటా లాభంలో రెండు శాతం సమాజ సేవకు ఖర్చు పెడుతోంది. బడులు కట్టిస్తోంది, ఆసుపత్రులకు పరికరాలు కొనిస్తోంది. జకాత్ అయినా రెండున్నర శాతమే కదా! రెండింటి ఉద్దేశమూ పేదల మేలే. అలాంటప్పుడు మళ్ళీ విడిగా జకాత్ తీయవలసిన అవసరం ఏముంది?"

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెబితే రెండు వైపులా నష్టమే. రెండూ ఒకటేనని అంటే ఇస్లాం మూలస్తంభాల్లో ఒకటి కదిలిపోతుంది, పేదవాడికి చేరవలసిన సొమ్ము చేరకుండా పోతుంది. అలాగని, చట్టం పెట్టిన ఆ రెండు శాతంతో మనకు సంబంధమే లేదని అంటే, మన బస్తీలకు న్యాయంగా అందగల మేలును మన చేతులతోనే వదులుకున్నట్లవుతుంది. కాబట్టి ముందు ఈ రెండూ ఏమిటో విడివిడిగా తెలుసుకుందాం. తర్వాత అవి ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో పరిశీలిద్దాం.

చట్టం ఏమంటుంది?

కంపెనీల సామాజిక బాధ్యతనే క్లుప్తంగా సి.ఎస్.ఆర్. అంటారు. మన దేశంలో దీనికి మూలం 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్. ఇది 2014 ఏప్రిల్ 1 నుండి అమల్లోకి వచ్చింది. చట్టం చేసినప్పుడు మూడు కొలమానాలు పెట్టారు. కంపెనీ నికర విలువ 500 కోట్ల రూపాయలు గాని, ఏడాది టర్నోవరు 1000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని చేరుకున్నా ఆ కంపెనీ అంతకు ముందరి మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజ హితం కోసం వెచ్చించాలి.

ఏయే పనులకు వెచ్చించవచ్చో ఆ చట్టంలోని ఏడవ షెడ్యూలు చెబుతుంది. ఆకలి, పేదరికాల నిర్మూలన, వైద్యం, పారిశుద్ధ్యం, సురక్షితమైన తాగునీరు, విద్య, వృత్తి శిక్షణ, స్త్రీలకూ అనాథలకూ వసతి గృహాలు, వృద్ధాశ్రమాలు, పర్యావరణ రక్షణ వంటివి అందులో ఉన్నాయి. మొదట్లో సొమ్ము ఖర్చు కాకపోతే కారణం చెప్పుకుంటే సరిపోయేది. 2021 జనవరి 22న అమల్లోకి వచ్చిన సవరణలతో ఆ వెసులుబాటు పోయింది. మిగిలిన సొమ్మును గడువు లోపల నిర్దేశించిన నిధికి జమ చేయాలి. ఏళ్ళ తరబడి సాగే పని అయితే ప్రత్యేక ఖాతాలో ఉంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు చేయాలి.

ఇందులో మనం గమనించవలసిన నియమాలు రెండున్నాయి. ఒకటి, కంపెనీ తన ఉద్యోగుల కోసం మాత్రమే చేసే ఖర్చు సి.ఎస్.ఆర్. లెక్కలోకి రాదు. రెండు, కంపెనీ పనిచేసే స్థానిక ప్రాంతానికి, దాని చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. ఈ రెండు మాటలకూ షరీఅత్‌లో దగ్గరి పోలికలున్నాయి. వాటి ప్రస్తావన ముందు ముందు వస్తుంది.

జకాత్ ఏమిటి?

జకాత్ ఆరాధన. ఖుర్ఆన్‌లో అనేక చోట్ల నమాజుతో జతగా దాని ప్రస్తావన వస్తుంది. విశ్వాసుల సంపదలో అడిగేవారికీ, అడగలేక వంచితులైనవారికీ హక్కు ఉందని జారియాత్ సూరా 19వ ఆయత్ తెలుపుతుంది. మఆరిజ్ సూరా 24, 25 ఆయతుల్లో అది 'నిర్ణీతమైన హక్కు' అని మరింత స్పష్టమవుతుంది. ఇక్కడ 'హక్కు' అనే పదాన్ని జాగ్రత్తగా గమనించండి. పేదవాడికి ఇచ్చే జకాత్ మన దయాదాక్షిణ్యం కాదు. అతని సొమ్ము మన దగ్గర అమానతుగా ఉంది, ఆ అమానతును మనం అప్పగిస్తున్నాం. అప్పు తీర్చినవాడు అప్పిచ్చినవాడి మీద ఉపకారం చేశానని చెప్పుకోడు కదా!

ఆ హక్కు ఎవరిదో కూడా అల్లాహ్ మన ఇష్టానికి వదలలేదు. తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలను నిర్ణయించింది. నిరుపేదలు, అగత్యపరులు, జకాత్ వ్యవహారాలు చూసే సిబ్బంది, హృదయాలను ఆకట్టుకోవలసిన వారు, బానిసత్వం నుండి విముక్తి పొందవలసిన వారు, రుణగ్రస్తులు, దైవమార్గంలో ఉన్నవారు, బాటసారులు. ఈ జాబితాకు మన తరఫున తొమ్మిదో పేరు చేర్చే అధికారం ఎవరికీ లేదు.

నిసాబ్ విషయానికి వస్తే, 87.48 గ్రాముల బంగారం గాని, 612.36 గ్రాముల వెండి గాని, ఆ విలువ చేసే నగదు, వ్యాపార సరుకు గాని ఉండి, దానిపై ఒక చాంద్రమాన సంవత్సరం గడిస్తే, అందులో నలభయ్యో వంతు జకాత్‌గా విధి అవుతుంది.

రెండింటికీ తేడా ఎక్కడ?

మొదటి తేడా, చెల్లించేవారిలో ఉంది. సి.ఎస్.ఆర్. బాధ్యత కంపెనీది. కంపెనీ చట్టం దృష్టిలో ఒక 'వ్యక్తి'. కాని అది కలిమా చదవదు, నమాజు చేయదు, ప్రళయ దినాన లెక్క చెప్పడానికి నిలబడదు. నిలబడేది మనిషి. జకాత్‌కు నియ్యత్, అంటే సంకల్పం తప్పనిసరి. ఇస్లామీ సహకార సంస్థకు చెందిన ఫిఖ్‌హ్ అకాడమీ 1988 ఫిబ్రవరిలో జిద్దాలో జరిగిన సమావేశంలో వాటాల (షేర్ల) జకాత్‌ను చర్చించింది. ఆ జకాత్ వాటాదారుల మీదే విధి అవుతుందని తీర్మానించింది. కంపెనీ నియమావళిలో రాసి ఉన్నా, దేశ చట్టం కోరినా, వాటాదారుల సర్వసభ్య సమావేశం నిర్ణయించినా, వాటాదారుడు స్వయంగా అప్పగించినా కంపెనీ యాజమాన్యం వారి తరఫున జకాత్ చెల్లించవచ్చు. అప్పుడు కూడా అది జకాత్ సంకల్పంతో, జకాత్ లెక్కతో, జకాత్ హక్కుదారులకే చేరాలి. సి.ఎస్.ఆర్. ఖర్చులో ఈ షరతుల్లో ఏదీ ఉండదు.

రెండవ తేడా, లెక్కలో ఉంది. సి.ఎస్.ఆర్. లాభం మీద. జకాత్ ఉన్న సంపద మీద. ఒక ఉదాహరణ చూడండి. ఒక కంపెనీకి వరుసగా మూడేళ్ళలో 8 కోట్లు, 10 కోట్లు, 12 కోట్లు లాభం వచ్చిందనుకుందాం. సగటు 10 కోట్లు. దానిలో 2 శాతం, అంటే 20 లక్షలు సి.ఎస్.ఆర్. బాధ్యత. ఇప్పుడు ఒక దుకాణదారుడిని తీసుకోండి. జకాత్ రోజున అతని దగ్గర 9 లక్షల సరుకు, 3 లక్షల నగదు ఉన్నాయి. తప్పక వస్తాయనుకునే బాకీలు 2 లక్షలు. మొత్తం 14 లక్షలు. అతను వెంటనే చెల్లించవలసిన అప్పు 4 లక్షలు తీసివేస్తే 10 లక్షలు మిగులుతాయి. జకాత్ 25,000 రూపాయలు. దుకాణం భవనం, బీరువాలు, తూకం యంత్రం లెక్కలోకి రావు. ఆ ఏడు అతనికి లాభం వచ్చిందా, నష్టం వచ్చిందా అని షరీఅత్ అడగదు. నిసాబ్ మిగిలి ఉంటే పేదవాడి హక్కు కూడా మిగిలే ఉంటుంది. కంపెనీకి నష్టాల కాలంలో సి.ఎస్.ఆర్. భారం తగ్గిపోతుంది, ఒక్కోసారి అసలే ఉండదు. పేదవాడి ఆకలి మాత్రం మన లాభనష్టాల చిట్టా చూసి తగ్గదు.

మూడవ తేడా, అందుకునేవారిలో ఉంది. జకాత్ సొమ్ముకు హక్కుదారుడిని యజమానిగా చేయాలి. దీన్నే 'తమ్లీక్' అంటారు. హనఫీ ఫుఖహా దీన్ని షరతుగా చెప్పారు. అందుచేత ఆ సొమ్ముతో మస్జిదు కట్టడం, రోడ్డు వేయడం, బోరు తవ్వించడం, ఆసుపత్రి గోడలు లేపడం వల్ల జకాత్ నెరవేరదని అత్యధిక ఉలమా అభిప్రాయం. సి.ఎస్.ఆర్. సొమ్ము దీనికి భిన్నం. అది ఎక్కువగా అందరూ వాడుకునే వసతుల రూపంలోనే ఖర్చవుతుంది. అలాగే జకాత్‌ను ముస్లిం పేదలకే ఇవ్వాలన్నది అధిక ఉలమా మాట. సి.ఎస్.ఆర్. ఫలం మతంతో నిమిత్తం లేకుండా ఊరంతటికీ చెందుతుంది.

ఇక్కడ ఒక అపోహకు తావివ్వకూడదు. జకాత్ పరిధి ఇంత అని చెప్పినంత మాత్రాన ఇతర మతస్థుల కష్టం మనకు పట్టదని కాదు. సదఖాకు అలాంటి హద్దు లేదు. హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) తల్లి అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు. ఆమెతో బంధుత్వం నిలుపుకొమ్మని మహాప్రవక్త (స) అస్మా (రజి)కు చెప్పిన సంగతి బుఖారీలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) బిచ్చమెత్తుతున్న ఒక యూద వృద్ధుడిని చూసి, యవ్వనంలో అతని దగ్గర పన్ను తీసుకుని వృద్ధాప్యంలో వదిలేయడం న్యాయం కాదని బైతుల్‌మాల్ నుండి అతనికి సహాయం ఏర్పాటు చేసిన సంఘటనను ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తన 'కితాబుల్ ఖరాజ్'లో పొందుపరిచారు.

కాబట్టి జవాబు స్పష్టం. సి.ఎస్.ఆర్. చెల్లించినంత మాత్రాన జకాత్ తీరదు. పన్ను కట్టి దాన్నే జకాత్ అనుకుంటే చెల్లదని ఉలమా చెప్పే మాట ఇక్కడా వర్తిస్తుంది. దీనికి తలకిందులుగా, యజమాని తన సొంత జకాత్‌ను కంపెనీ పుస్తకాల్లో సి.ఎస్.ఆర్.గా రాయించడం కూడా తప్పే. అందులో జకాత్‌తో తన కంపెనీ బాకీని తీర్చుకోవడం ఉంది, చట్టాన్ని మోసగించడమూ ఉంది. ఇద్దరికి బాకీ పడినవాడు ఒకరికి చెల్లించి ఇద్దరి దగ్గరా రసీదు అడిగితే ఎవరు ఒప్పుకుంటారు?

దానానికి ముందు న్యాయం

ఇక అసలు విషయానికి వద్దాం. జకాత్ అయినా, సదఖా అయినా, సి.ఎస్.ఆర్. అయినా, ఇచ్చే సొమ్ము ఎలా వచ్చిందన్న ప్రశ్న అన్నింటికంటే ముందుంది. అల్లాహ్ పవిత్రుడని, పవిత్రమైన దాన్నే స్వీకరిస్తాడని మహాప్రవక్త (స) ప్రవచించారు (ముస్లిం). బఖరా సూరా 267వ ఆయత్ కూడా సంపాదించిన వాటిలో మంచివాటినే ఖర్చు పెట్టమని ఆదేశిస్తుంది.

పనివాడి చెమట ఆరక ముందే అతని కూలి చెల్లించాలన్న హదీసు (ఇబ్నె మాజా) మనలో చాలామందికి కంఠస్థమే. కాని మూడు నెలల జీతాలు ఆపి, రమజాను రాగానే ఇఫ్తార్ విందు ఏర్పాటు చేసేవారిని కూడా చూస్తున్నాం. ఇంకా విచారకరమైన సంగతి, కొందరు యజమానులు పనివారికి ఇవ్వవలసిన బోనసుకు బదులుగా జకాత్ సొమ్ము చేతిలో పెట్టి రెండు పనులూ అయిపోయాయని అనుకుంటారు. అది జకాత్ కానే కాదు. జీతం, ఒప్పుకున్న బోనసు పనివాడి కష్టార్జితం. వాటిని పూర్తిగా చెల్లించిన తర్వాత, అతను నిజంగా పేదవాడై ఉండి, పనికి ప్రతిఫలంగా కాకుండా విడిగా ఇస్తేనే జకాత్ నెరవేరుతుంది. ఉద్యోగుల మీద పెట్టే ఖర్చు సి.ఎస్.ఆర్. కాదని చట్టం చెప్పిన మాటను ఇప్పుడు గుర్తు చేసుకోండి. చెల్లించవలసిన బాకీకి దానమనే పేరు పెట్టడాన్ని చట్టమూ ఒప్పుకోలేదు, షరీఅత్ అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఒప్పుకోలేదు.

నష్టం కలిగించిన విషయంలోనూ ఇదే సూత్రం. ఎవరూ నష్టం చేయకూడదు, నష్టానికి ప్రతిగా నష్టమూ చేయకూడదన్నది ప్రవక్త (స) నేర్పిన నియమం (ఇబ్నె మాజా). హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక ప్రాంతం సంగతి మన పాఠకులకు కొత్త కాదు. ఫ్యాక్టరీల వ్యర్థాల వల్ల అక్కడి పల్లెల చెరువులు, భూగర్భ జలాలు పాడైపోయాయన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి బయటికి వస్తున్న నీటిలో యాంటీబయాటిక్ మందుల అవశేషాలు చాలా ఎక్కువగా ఉన్నాయని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇలాంటి చోట బావిని పాడుచేసినవారు ఆ ఊరికి శుద్ధజలం పంపిస్తే అది దానం అవుతుందా? కాదు. అది నష్టపరిహారం. ముందు నీటిని పాడుచేయడం ఆపాలి, తర్వాత జరిగిన నష్టాన్ని పూడ్చాలి. ఆ తర్వాత ఇచ్చేదే దానం.

ఈ సందర్భంలో సహీహ్ ముస్లింలోని ఒక హదీసును తలచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అసలైన దివాలాకోరు ఎవరో తెలుసా అని ప్రవక్త (స) సహచరులను అడిగారు. డబ్బు, సామాను లేనివాడని వారు జవాబిచ్చారు. ఆయన దాన్ని సరిదిద్దారు. ప్రళయ దినాన నమాజు, ఉపవాసాలు, జకాత్ అన్నీ వెంట తెచ్చుకుని కూడా, లోకంలో ఒకరిని తిట్టి, ఒకరిపై నింద మోపి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టి వచ్చినవాడే దివాలాకోరు. అతని పుణ్యాలన్నీ బాధితులకు పంచేస్తారు. అవి అయిపోతే వారి పాపాలు తెచ్చి అతని మీద వేస్తారు. చూశారా, అతని చిట్టాలో జకాత్ ఉంది! అయినా అది అతన్ని కాపాడలేకపోయింది.

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) హిజ్రీ 99 నుండి 101 వరకు ఖలీఫాగా ఉన్నారు. ఆయన కాలంలో ఆఫ్రికా ప్రాంతంలో జకాత్ వసూలు చేసి పేదల కోసం వెతికితే పుచ్చుకునేవారు దొరకలేదని, ఆ సొమ్ముతో బానిసలను కొని విముక్తి కలిగించామని యహ్యా బిన్ సయీద్ చెప్పినట్లు చరిత్ర గ్రంథాల్లో ఉంది. ఈ సంఘటనను మనం ఉపన్యాసాల్లో తరచుగా వింటాం. కాని దానికి ముందు ఆయన చేసిన పనిని మాత్రం మరిచిపోతాం. అధికారంలోకి రాగానే ఆయన తన వంశీకులు అక్రమంగా దక్కించుకున్న ఆస్తులను వెనక్కి ఇప్పించారు. దాన్ని తన సొంత ఆస్తితోనే మొదలుపెట్టారు. ముందు లాక్కున్నది తిరిగి ఇచ్చారు, ఆ తర్వాత జకాత్ పంచారు. సమాజం బాగుపడిన వరుస అది.

బోర్డు మీద పేరు

కంపెనీలు తాము చేసిన ఖర్చును నివేదికల్లో చూపాలని చట్టం కోరుతుంది. లెక్క చూపడం మంచిదే. సంస్థల సొమ్ములో పారదర్శకత ఉండాలి. బఖరా సూరా 271వ ఆయత్ దానాలను బహిరంగంగా ఇవ్వడాన్ని మంచిదేనని అంటూ, రహస్యంగా పేదలకు ఇవ్వడం మరింత మేలని చెబుతుంది. కాబట్టి బహిరంగం కావడమే దోషం కాదు. దోషమల్లా పేదవాడి ముఖాన్ని మన ప్రకటనగా మార్చుకోవడంలో ఉంది. ఒక దుప్పటికి నలుగురు చేతులు పట్టుకుని ఫొటో దిగుతారు. ఆ దుప్పటి అందుకునే ముసలమ్మ తల దించుకుని నిలబడుతుంది. ఉపకారాన్ని ఎత్తిచూపి, మనసు నొప్పించి దానాన్ని వృథా చేసుకోవద్దని బఖరా సూరా 264వ ఆయత్ హెచ్చరించింది ఇలాంటి వాటి గురించే. కుడిచేతితో ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత గోప్యంగా ఇచ్చేవాడికి ప్రళయ దినాన అల్లాహ్ నీడ లభిస్తుందన్న శుభవార్త (బుఖారీ, ముస్లిం) మనకు ఉండగా, గోడమీది పోస్టరు కోసం ఆశపడటం ఎంత నష్టదాయకమైన బేరం!

వ్యాపారాన్నే వక్ఫ్ చేసిన వారు

మరి ముస్లిం వ్యాపారి సమాజాభివృద్ధికి ఎంతవరకు వెళ్ళగలడు? హజ్రత్ ఉమర్ (రజి)కు ఖైబర్‌లో ఒక మంచి భూమి లభించింది. దాన్ని ఏం చేయమంటారని ఆయన ప్రవక్త (స)ను సంప్రదించారు. అసలును అలాగే ఉంచి, దాని ఫలాన్ని దానం చేయమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఆ భూమిని అమ్మరాదు, బహుమతిగా ఇవ్వరాదు, వారసత్వంగా పంచుకోరాదు అన్న షరతుతో ఉమర్ (రజి) దాన్ని పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు అంకితం చేశారు (బుఖారీ). వక్ఫ్ వ్యవస్థకు ఇది పునాది.

ఈ పునాది మీద మన దేశంలోనే ఒక వ్యాపార సంస్థ నిలబడింది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద కనిపించే ఎర్రని షర్బత్ 'రూహ్ అఫ్జా' తెలియని ఇల్లు ఉండదు. దాన్ని తయారుచేసిన హమ్‌దర్ద్ దవాఖానాను 1906లో హకీమ్ హాఫిజ్ అబ్దుల్ మజీద్ పాత ఢిల్లీలో ఒక చిన్న యూనానీ వైద్యశాలగా ప్రారంభించారు. 1922లో ఆయన మరణించారు. ఆయన భార్య రాబియా బేగమ్, కుమారులు దాన్ని నిలబెట్టారు. పెద్ద కుమారుడు హకీమ్ అబ్దుల్ హమీద్ 1948లో ఆ సంస్థను వక్ఫ్‌గా ప్రకటించారు. దేశ విభజన గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. మందులు, షర్బత్ అమ్మగా వచ్చిన ఆదాయం విద్యకూ, వైద్యానికీ మళ్ళింది. ఢిల్లీలో వెలసిన జామియా హమ్‌దర్ద్ 1989లో డీమ్డ్ విశ్వవిద్యాలయం హోదా పొందింది. హకీమ్ సాహెబ్ 1999లో కన్నుమూశారు. ఆయన విత్తిన విద్యాలయం ఇప్పటికీ నిలిచి ఉంది. 2 శాతం చట్టం రావడానికి 65 ఏళ్ళ ముందే ఆయన లాభంలో వాటాతో సరిపెట్టుకోకుండా లాభం కాసే చెట్టునే సమాజానికి రాసి ఇచ్చారు. మనిషి మరణంతో అతని కర్మలు ఆగిపోతాయని, ప్రవహించే దానం, ప్రయోజనకరమైన విద్య, దుఆ చేసే సంతానం మాత్రం ఆగవని ప్రవక్త (స) చెప్పిన మాటకు (ముస్లిం) ఇంతకంటే మంచి ఉదాహరణ కావాలా?

మనం ఏం చేయాలి?

మన పాఠకుల్లో ఎక్కువమంది దుకాణాలు, వర్క్‌షాపులు ఆ చట్టం పరిధిలోకి రావు. అయినా ఈ వివరాలు అందరికీ పనికొస్తాయి. ఒక బస్తీలో కుట్టుపని నేర్పే కేంద్రం పెట్టాలనుకుందాం. శిక్షణకు గదులు, యంత్రాలు కావాలి. వాటికి ఆ ప్రాంతంలోని కంపెనీ సి.ఎస్.ఆర్. సొమ్మును అడగవచ్చు. అక్కడికి అన్ని మతాల ఆడపిల్లలూ వచ్చి నేర్చుకుంటారు. నేర్పే టీచరమ్మ జీతానికి, కరెంటు బిల్లుకు స్థానికులు సదఖా ఇవ్వవచ్చు. శిక్షణ ముగిశాక ఒక నిరుపేద ముస్లిం వితంతువుకు కుట్టు మిషను కొని, దాన్ని ఆమె సొంతం చేయడానికి జకాత్ వాడవచ్చు. మూడు సంచులు, మూడు లెక్కలు, పని మాత్రం ఒకటే.

ఈ పద్ధతి సున్నత్‌కు దగ్గరగా ఉంది. సహాయం అడిగి వచ్చిన ఒక అన్సారీ సహచరుడి ఇంట్లో ఉన్న దుప్పటినీ, గిన్నెనూ ప్రవక్త (స) రెండు దిర్హములకు వేలం వేశారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, ఇంకొకదానితో గొడ్డలి కొనిపించి, స్వయంగా పిడి బిగించి కట్టెలు కొట్టుకు రమ్మని పంపారు. పదిహేను రోజుల తర్వాత అతను పది దిర్హములతో తిరిగి వచ్చినట్లు అబూ దావూద్‌లో ఉంది. చేయి చాచినవాడిని తన చేతులతో సంపాదించుకునేవాడిగా మార్చడమే సమాజాభివృద్ధి.

జకాత్‌ను వృద్ధిచేసే పథకాల్లో పెట్టవచ్చా అన్న సందేహం కూడా ఉంది. ఫిఖ్‌హ్ అకాడమీ 1986 అక్టోబరులో అమ్మాన్ నగరంలో దీన్ని చర్చించింది. ముందు హక్కుదారుల తక్షణ అవసరాలు తీర్చాలని, సొమ్ముకు తగిన భద్రత ఉండాలని, ఆ పథకాలు చివరికి హక్కుదారుల సొంతం కావాలని, లేదా జకాత్ వసూలు, పంపిణీ బాధ్యత గల సంస్థ ఆధీనంలో నడవాలని షరతులు పెట్టి సూత్రరీత్యా అనుమతించింది. అంటే ఆకలితో ఉన్నవాడిని గుమ్మంలో నిలబెట్టి, అతని సొమ్ముతో మనం భవనాలు కట్టుకునే వీలు లేదు.

మస్జిదు కమిటీలకు, స్వచ్ఛంద సంస్థలు నడిపే సోదరులకు కొన్ని సూచనలు. సి.ఎస్.ఆర్. సొమ్ము తీసుకోవాలంటే సంస్థ రిజిస్టరై ఉండాలి. ఆదాయపు పన్ను చట్టం కింద కావలసిన నమోదు, సాధారణంగా మూడేళ్ళ పని అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుండి ఇలాంటి సంస్థలు సి.ఎస్.ఆర్.-1 ఫారం కూడా నింపాలి. మస్జిదు నిర్మాణం వంటివి ఏడవ షెడ్యూలులో లేవు. కాబట్టి కంపెనీ దగ్గరికి వెళ్ళేటప్పుడు బడి, ఆసుపత్రి, నీరు, శిక్షణ వంటి ఊరందరి పనిని పట్టుకుని వెళ్ళండి. జకాత్ ఖాతాను సి.ఎస్.ఆర్. ఖాతాతో కలపకండి. ఇచ్చే సొమ్ము వడ్డీ, మద్యం వంటి వ్యాపారాల నుండి వస్తున్నట్లయితే, తీసుకోవడానికి ముందే ముఫ్తీ సాహెబ్‌ను సంప్రదించండి.

స్థానికులకు ప్రాధాన్యం అన్న చట్టం మాటను కూడా ఇక్కడ కలిపి చూడండి. హజ్రత్ ముఆజ్ (రజి)ని యమన్ పంపుతూ, అక్కడి ధనికుల నుండి తీసుకుని అక్కడి పేదలకే తిరిగి ఇవ్వాలని ప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). బంధువులు గాని, ఎక్కువ అగత్యంలో ఉన్నవారు గాని వేరే చోట ఉంటే పంపవచ్చు. లేకుంటే మన గోడ పక్కన ఉన్నవాడి ఆకలే మనకు మొదటి ప్రశ్న.

ప్రియ సోదరులారా! సంపద ధనికుల మధ్యనే తిరుగుతూ ఉండిపోకూడదన్నది హష్ర్ సూరా 7వ ఆయత్ తెలిపే ఉద్దేశం. ఆ ఉద్దేశం నెరవేరాలంటే మన చిట్టాలో ఒక వరుస ఉండాలి. మొదట పనివాడి జీతం, వ్యాపారంలోని బాకీలు. తర్వాత మన వల్ల ఎవరికైనా కలిగిన నష్టానికి పరిహారం. ఆ తర్వాత లెక్క కట్టి తీసిన జకాత్. దాని మీద మన మనసు ఒప్పుకున్నంత సదఖా, శక్తి ఉంటే వక్ఫ్. కంపెనీ మనదైతే చట్టం అడిగిన సి.ఎస్.ఆర్.ను కూడా నిజాయితీగా ఖర్చు చేయాలి. ఈ వరుసలో ఏ ఒక్కటీ ఇంకొకదాని చోటు తీసుకోదు. ఈ జకాత్ సంవత్సరం ముగిసే లోగా ప్రతి ఒక్కరం కాగితం, కలం తీసుకుని కూర్చుని, ఎవరెవరికి ఎంత బాకీ ఉన్నామో రాసుకుందాం.

మన సంపాదనను శుద్ధపరచి, మన దగ్గరున్న ఇతరుల హక్కులను వారికి అప్పగించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ప్రళయ దినాన దివాలాకోరులుగా నిలబడే దుస్థితి నుండి మనల్ని కాపాడుగాక! ఆమీన్.